అది మట్టి కాదు: డ్రిల్లింగ్ వ్యర్థాలను జెట్టీ నుంచి పరవాడ దాకా ఎలా చేర్చాలి

నేను ఈ పనిలో చేరిన మొదటి ఏడాది ఒక రోజు గాజువాకలో లారీ ఆపి టీ తాగుతున్నాం. డ్రైవరు నెమ్మదిగా అడిగాడు: "బాబూ, మన బండిలో ఉన్నది మట్టే కద. మా బామ్మర్ది జాగా పల్లంలో ఉంది. నాలుగు లోడ్లు అక్కడ దింపేస్తే ఏటవుతాది?"

అతను దొంగతనం చేయబోలేదు. పొద్దున్నుంచి జెట్టీ మీద మేమంతా దాన్ని మట్టి అనే పిలుస్తున్నాం. క్రేన్ ఆపరేటరు మట్టి అన్నాడు, నేనూ మట్టి అన్నాను. ఆ డబ్బాల్లో ఉన్నది నూనె కలిసిన రాతిపొడి అనీ, ఇంటి జాగాలో పోస్తే వాన పడ్డప్పుడు అది బావిలోకి దిగుతుందనీ అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషిని నేనే. ఆ రోజు నుంచి మొదటి పాఠంగా ఇదే చెబుతున్నాను: దాన్ని దాని పేరుతో పిలవండి.

విశాఖలో, సముద్రంలోని చమురు బావులకు సామాను చేరవేసే సప్లై బోట్ల దగ్గర, ట్యాంకు క్లీనింగ్ కాంట్రాక్టుల్లో, వ్యర్థాల రవాణాలో కొత్తగా సూపర్‌వైజరుగా చేరినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. చట్టం, కెమిస్ట్రీ కొంచెం కొంచెం తెలిస్తే చాలు, పని చేస్తూ నేర్చుకోవచ్చు.

ముందు ఏం వస్తోందో తెలుసుకోండి

చమురు, గ్యాస్ బావి తవ్వేటప్పుడు బిట్ (పైపు చివర రాయిని కోసే పరికరం) కింద రాయి పొడి అవుతుంది. దాన్ని పైకి తేవడానికి, బిట్‌ను చల్లబరచడానికి, కింది పీడనాన్ని అదుపులో ఉంచడానికి పైపు లోపలి నుంచి ఒక ద్రవం పంపుతారు. అదే మడ్. అది రాతిముక్కలను మోసుకుని పైకి వస్తుంది. పైన షేల్ షేకర్ అనే జల్లెడ మడ్‌ను మళ్ళీ వాడకానికి కిందికి వదిలి, రాతిముక్కలను పక్కకు తోస్తుంది. ఆ ముక్కలే కటింగ్స్. బరువు కోసం మడ్‌లో కలిపే బ్యారైట్ మన రాష్ట్రంలోని మంగంపేటలో దండిగా దొరుకుతుంది. చిక్కదనానికి బెంటొనైట్, పాలిమర్లు, షేల్ అనే బంకమన్ను రాయి ఉబ్బకుండా పొటాషియం క్లోరైడ్ వేస్తారు. ఇదంతా నీటితో చేసే మడ్ సంగతి. లోతుకు వెళ్ళాక రాయి సతాయిస్తే నూనెతో గానీ సింథటిక్ ద్రవంతో గానీ చేసిన మడ్ వాడతారు.

ఈ రెండు కుటుంబాల తేడాను మొదటి రోజే మనసులో నాటుకోండి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో మొదటి షెడ్యూలు తెరిస్తే, ముడిచమురు, సహజవాయువు ఉత్పత్తి కింద మూడు పేర్లు కనిపిస్తాయి. 2.1 కింద కటింగ్స్ (నీటి మడ్ నుంచి వచ్చినవి తప్ప), 2.2 కింద నూనె ఉన్న స్లడ్జ్, 2.3 కింద నూనె ఉన్న డ్రిల్లింగ్ మడ్. మీరు రాసే ప్రతి కాగితం మీద ఈ నంబర్లే ఉంటాయి. నీటి మడ్ కటింగ్స్ ఆ జాబితాలో లేవు కాబట్టి అవి మామూలు మట్టి అనుకోకండి. వాటిలో ఉప్పు ఉంటుంది. పొటాషియం క్లోరైడ్ నిండిన కటింగ్స్‌ను వరి మడి పక్కన పోస్తే ఆ మడి ఏమవుతుందో రైతును అడిగితే చెబుతాడు.

డీజిల్‌తో చేసిన మడ్ మన దేశంలో నిషేధం. 2005 ఆగస్టు 30 నాటి కేంద్ర ప్రకటన ఆ మాట స్పష్టంగా చెబుతోంది. నూనె మడ్ తప్పనిసరైతే ఆరోమాటిక్ పదార్థాలు 1 శాతం లోపు ఉన్న తక్కువ విషపు రకమే వాడాలి. బ్యారైట్‌లో పాదరసం కిలోకు 1 మిల్లీగ్రాము, కాడ్మియం కిలోకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. బ్యారైట్ సరుకుతో వచ్చే పరీక్ష పత్రం కాపీ ఒకటి మీ ఫైల్లో పెట్టుకోండి. ఏడాది తర్వాత ఎవరైనా ప్రశ్న వేస్తే, అప్పటికి ఆ సరుకు తెచ్చినవాళ్ళు ఫోన్ ఎత్తరు.

బోటు రాకముందే లెక్క వేయండి

ఎంత వస్తుందో తెలియకుండా డబ్బాలు సిద్ధం చేయలేరు. నేను వాడే సులువైన లెక్క ఇది. రంధ్రం వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకోండి. దాన్ని దానితోనే గుణించి సగం చేయండి. వచ్చిన సంఖ్యే వెయ్యి మీటర్లకు ఎన్ని ఘనపు మీటర్ల రాయి వస్తుందో చెబుతుంది. పన్నెండుంపావు అంగుళాల రంధ్రమైతే 150లో సగం 75. పదిహేడున్నర అంగుళాలైతే సుమారు 153. ఎనిమిదిన్నరైతే 36.

పన్నెండుంపావు అంగుళాల రంధ్రాన్ని 1,500 మీటర్లు నూనె మడ్‌తో తవ్వుతున్నారనుకోండి. 75ను ఒకటిన్నరతో గుణిస్తే దాదాపు 112 ఘనపు మీటర్లు. ఇది రాయి నేలలో గట్టిగా ఉన్నప్పటి లెక్క. పొడి అయ్యాక వదులవుతుంది, మడ్ అంటుకుంటుంది, గోడలు కూలి రంధ్రం వెడల్పవుతుంది. అందుకని కనీసం ఒకటిన్నర రెట్లు వేసుకోండి. 168 అవుతుంది. నాలుగు ఘనపు మీటర్ల స్కిప్పులైతే (కటింగ్స్ నింపే ఇనుప డబ్బాలు) 42 కావాలి. తడి కటింగ్స్ ఘనపు మీటరు సుమారు రెండు టన్నులు తూగుతాయి కాబట్టి నిండా నింపిన స్కిప్పులో సరుకే ఎనిమిది టన్నులు. ఇనుము బరువు దానికి అదనం. మీ క్రేన్, మీ స్లింగులు, మీ లారీ ఆ బరువు మోయగలవో లేదో బోటు బయలుదేరకముందే చూసుకోండి. డబ్బా గాల్లో ఉన్నప్పుడు తెలుసుకునే విషయం కాదు అది.

ఇక సముద్రంలోనే ఏది వదలవచ్చు, ఏది ఒడ్డుకు తేవాలి అన్నది. నీటి మడ్ కటింగ్స్‌ను సముద్రంలో ఒక్కో బావికి గంటకు సగటున 50 బ్యారెల్స్ చొప్పున, అంటే సుమారు 8 ఘనపు మీటర్లు, ఆపి ఆపి వదలడానికి అనుమతి ఉంది. సున్నిత ప్రాంతాలుగా ప్రకటించిన చోట ఏ రకమూ వదలకూడదు. నూనె మడ్ వాడితే చుక్క కూడా సముద్రంలోకి పోకూడదు. తగిన రాతిపొరలోకి తిరిగి పంపాలి, లేదా ఒడ్డుకు తేవాలి. తీరానికి 5 కిలోమీటర్ల లోపు తవ్వేటప్పుడు సముద్ర జీవులకు గానీ తీరానికి గానీ హాని కనిపిస్తే నీటి మడ్ కటింగ్స్ కూడా ఒడ్డుకు రావాల్సిందే. మన జాలర్లు వల వేసేది ఆ నీళ్ళలోనే కదా.

రిగ్గుతో మాట్లాడండి

చాలామంది సూపర్‌వైజర్లు బోటు కట్టేశాక పని మొదలుపెడతారు. అప్పటికే సగం పాడైపోయి ఉంటుంది. ఎందుకంటే కలపడం అనే తప్పు రిగ్గు (బావి తవ్వే వేదిక) మీదే జరుగుతుంది. ఒక స్కిప్పు సగం నిండాక అందులో నూనె గుడ్డలు, ఖాళీ కెమికల్ సంచులు, వంటింటి చెత్త పడేస్తారు. అప్పటినుంచి ఆ డబ్బా మొత్తం ఏ వర్గానికీ చెందదు. శుద్ధి చేసే చోట దాన్ని తిప్పి పంపుతారు. తిరుగు ప్రయాణం ఖర్చు మీదే, నిల్వకు ఉన్న 90 రోజుల గడువు కరిగేదీ మీ చేతుల్లోనే.

అందుకే మడ్ ఇంజినీరుకు ముందే ఫోన్ చేయండి. ఏ సెక్షన్ తవ్వుతున్నారు, ఏ మడ్, కటింగ్స్‌లో నూనె ఎంత, క్లోరైడ్ ఎంత, పీహెచ్ ఎంత అని అడగండి. నూనె శాతం రిటార్ట్ పరీక్షలో (శాంపిల్‌ను వేడిచేసి నూనె, నీరు వేరుచేసి కొలవడం) తెలుస్తుంది. కడిగిన తర్వాత కటింగ్స్‌లో నూనె కిలోకు 10 గ్రాముల లోపు ఉంటేనే గుంటలో వేయడానికి వీలు. అంటే నూటికి ఒకటి. షేకర్ జల్లెడ చిరిగినా, కటింగ్స్ నుంచి మడ్‌ను పిండే డ్రయ్యర్ ఆగినా ఆ అంకె ఒక్కసారిగా పెరుగుతుంది, డబ్బాల సంఖ్య కూడా పెరుగుతుంది. రిగ్గులో ఒక జల్లెడ మారిస్తే జెట్టీ మీద మీకు పది క్రేన్ లిఫ్టులు తగ్గుతాయి. ఈ మాట వాళ్ళకు మర్యాదగా, కానీ ప్రతిసారీ గుర్తుచేయండి.

బాగున్న మడ్ తిరిగి వస్తే దాన్ని వ్యర్థం లెక్కలో వేయకండి. శుభ్రమైన ట్యాంకులో ఉంచి మడ్ ప్లాంటుకు పంపితే తర్వాతి బావికి పనికొస్తుంది. ఇంజను గది అడుగున చేరే బిల్జ్ నీళ్ళు, వాడేసిన లూబ్ ఆయిల్ వేరు కథ. వాటిని మడ్ ట్యాంకులో కలపమని బోటువాళ్ళు అడుగుతారు. ఎంత బతిమాలినా ఒప్పుకోకండి.

జెట్టీ మీద

కాంక్రీటు నేల, చుట్టూ గట్టు, కిందికి పోయిన నీరు చేరడానికి సంపు. ఈ మూడూ లేని చోట స్కిప్పు దింపకండి. దింపే ముందు దగ్గర్లోని వాన కాలువ నోరు ఎక్కడుందో మీ కళ్ళతో చూసి, దాన్ని మూయడానికి మూత గానీ ఇసుక బస్తాలు గానీ పక్కనే పెట్టుకోండి. హార్బరులో కాలువ నోట్లోకి పోయినది సముద్రంలోకి పోయినట్టే.

మన ఊళ్ళో వానను తక్కువ అంచనా వేయకూడదు. అక్టోబరు, నవంబరు తుపాను నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు ఈ ఊళ్ళో ఏది గాల్లోకి లేచిందో, ఏది మిగిలిందో చూసినవాళ్ళం. మూత లేని స్కిప్పులో రాత్రంతా వాన పడితే పొద్దున్నకు అది నూనె తేలిన నీళ్ళ తొట్టి. పొంగితే కారుతుంది, పొంగకపోయినా బరువు పెరుగుతుంది, ఆ నీటిని శుద్ధి చేయడం ఇంకో పని. అందుకని మూత ఉన్న స్కిప్పులే తెప్పించండి. వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చిందంటే కొత్త డబ్బాలు దింపడం ఆపి, ఉన్నవాటిని ముందు పంపేయండి.

ప్రతి డబ్బాకూ లేబుల్ ఉండాలి. నీళ్ళకు చెరగనిది, పసుపు రంగుది. ప్రమాదకర వ్యర్థం, జాగ్రత్తగా వాడండి అన్న మాటలు ఇంగ్లీషులో, హిందీలో, స్థానిక భాషలో ఎర్రటి అక్షరాలతో ఉండాలని నిబంధన. స్థానిక భాష అంటే మనకు తెలుగు. ఈ ఒక్క విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. నేను చూసిన డబ్బాల్లో సగానికి తెలుగు లేబుల్ లేదు. దాన్ని ముట్టుకునే హమాలీ, లారీ క్లీనరు, పక్కన ఆడుకునే పిల్లలు చదివేది తెలుగే. లోపల ఏముంది, ఏ రోజు నింపారు, ఎక్కడినుంచి వచ్చింది, ఏదైనా జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవి కూడా రాయండి. నింపిన తేదీ ముఖ్యం. 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదన్న లెక్కకు మీ దగ్గర ఉండే సాక్ష్యం అదే.

ఖాళీ కెమికల్ డ్రమ్ములు 33.1, నూనె గుడ్డలు 33.2, వాడేసిన నూనె 5.1. వీటికి వేరే చోటు, వేరే లేబుల్. ఖాళీ డ్రమ్మును ఇంట్లో నీళ్ళకు పనికొస్తుందని ఎవరైనా అడిగితే ఇవ్వకండి. ఎంత దగ్గరివాళ్ళు అడిగినా సరే.

ట్యాంకులోకి దిగేముందు

ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి. మిగతా తప్పులకు జరిమానా ఉంటుంది. ఇక్కడ తప్పు జరిగితే మనిషే మిగలడు.

బోటు మడ్ ట్యాంకులో అడుగున పేరుకున్న మడ్డిని తీయడానికి మనుషులు దిగుతారు. మడ్ రోజుల తరబడి కదలకుండా ఉంటే అందులో బ్యాక్టీరియా పెరిగి హైడ్రోజన్ సల్ఫైడ్ తయారవుతుంది. మొదట కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. వాయువు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసన తెలియడం ఆగిపోతుంది. వాసన పోయింది కదా, ఇక ఫరవాలేదు అనుకున్న మనిషి అక్కడే పడిపోతాడు. అతన్ని లాగడానికి ఇంకో మనిషి గబగబా దిగి అతనూ పడిపోతాడు. మూతపడిన ట్యాంకుల్లో ఒకరి వెంట ఒకరు పోవడం ఇలాగే జరుగుతుంది.

కాబట్టి ముందు మూతలు తెరిచి గాలి పంపండి. మీటరును తాడుకు కట్టి పైన, మధ్యలో, అడుగున కొలవండి. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్ అలారం 10 పీపీఎం దగ్గర మోగేలా ఉండాలి. మండే వాయువు రీడింగు కూడా చూడండి. మడ్డిని కదిపినప్పుడు లోపల చిక్కుకున్న వాయువు కొత్తగా బయటికొస్తుంది, అందుకే ఒకసారి కొలిచి వదిలేయకుండా పని జరిగినంతసేపూ మీటరు లోపల మనిషి దగ్గరే ఉండాలి. పైన మ్యాన్‌హోల్ దగ్గర ఒక మనిషి కాపలా. అతనికి వేరే పని చెప్పకండి, టీ కూడా అక్కడికే తెప్పించండి. లోపలి మనిషికి హార్నెస్, తాడు. లోపల మనిషి పడిపోయినా సరే, గాలి సిలిండరు సెట్టు లేకుండా కాపాడటానికి ఎవరూ దిగకూడదని పని మొదలుపెట్టేముందు అందరికీ తెలుగులో, గట్టిగా చెప్పండి. చెప్పింది అర్థమైందా అని వాళ్ళ నోటితోనే తిరిగి చెప్పించుకోండి.

వీలైతే అసలు మనిషి దిగకుండా పైనుంచే నీటి జెట్టుతో కడిగి పంపుతో లాగే పద్ధతి ఎంచుకోండి. ఖర్చు కొంచెం ఎక్కువని మీ కాంట్రాక్టరు అంటాడు. అయినా ప్రతి బోటుకూ అడుగుతూనే ఉండండి.

నేల మీద బావులైతే

విశాఖ కాంట్రాక్టర్లను కోనసీమ వైపు, నర్సాపురం వైపు బావుల దగ్గర కటింగ్స్, మడ్ వేసే గుంటల పనికి పిలుస్తుంటారు. అక్కడ నాలుగు పారలు తవ్వితే నీళ్ళు. గుంటను లోతుగా తవ్వే బదులు చుట్టూ గట్టు ఎత్తు పెంచి కట్టడం మేలు. అడుగున, పక్కలా నీరు దిగని లైనర్ వేయాలి. దాని నుంచి ఊరిన నీరు చేరడానికి ఏర్పాటు ఉండాలి, ఇది నిబంధన. లైనర్ అతుకులను పరీక్షించకుండా మడ్ వదలకండి. వానకోసం గట్టు పైన ఖాళీ ఉంచండి. కడిగిన నీటిని కాలువలోకి వదలాలంటే ముందు శుద్ధి జరగాలి. నేల మీద వదిలే నీటిలో నూనె లీటరుకు 10 మిల్లీగ్రాములు, క్లోరైడ్ 600 మిల్లీగ్రాములు దాటకూడదు. ఉప్పు మడ్ వాడిన చోట ఈ రెండోదే అసలు తలనొప్పి.

గుంట నిండాక పైన కూడా లైనర్ కప్పి, దానిమీద అక్కడి మట్టినే మందంగా, నీరు జారేలా వాలుగా వేయాలి. పని అయ్యాక ఆ జాగాలో ఏమీ మిగలకుండా నేలను పూర్వస్థితికి తెచ్చి కాలుష్య నియంత్రణ మండలికి తెలపాలి. కోనసీమలోని పాసర్లపూడి గ్యాస్ బావిలో 1995 జనవరిలో మొదలైన మంట 65 రోజులు ఎగసింది. ఆ వైపు పెద్దవాళ్ళు రిగ్గును చూసే చూపు వేరు. వాళ్ళ పొలం పక్కన పని చేస్తున్నప్పుడు గుంటలో ఏముందో, ఎప్పుడు మూస్తారో వాళ్ళు అడగకముందే మీరు వెళ్ళి చెప్పండి.

బండి ఎక్కించడం, కాగితాలు

పరవాడ ఫార్మా సిటీలో ఉన్న కోస్టల్ వేస్ట్ మేనేజ్‌మెంట్ ప్రాజెక్టు లాంటి, ప్రమాదకర వ్యర్థాలను శుద్ధి చేయడానికి అనుమతి ఉన్న చోటికి శాంపిల్ ముందే పంపండి. దాన్ని బట్టే అది నేరుగా ల్యాండ్‌ఫిల్లుకా, గట్టిపరచాకా, కాల్చడానికా అన్నది తేలుతుంది. నూనె ఎక్కువున్న వ్యర్థమైతే సిమెంటు బట్టీల్లో ఇంధనంగా పోయే అవకాశం కూడా అడిగి చూడండి. పూడ్చడం కంటే వాడుకోవడానికే నిబంధనల్లో ముందు వరస. నూనె స్లడ్జ్‌ను బ్యాక్టీరియాతో తినిపించే పద్ధతి కూడా మన దేశంలో వాడుకలో ఉంది. దానికి చోటు, నెలల సమయం, మండలి ఆమోదం కావాలి.

మానిఫెస్ట్, అంటే బండితో వెళ్ళే రవాణా పత్రం, ఫారం 10, ఏడు కాపీలు. రంగులు గుర్తుపెట్టుకోవాలి. తెల్లది మీరు మండలికి పంపాలి. పసుపుది డ్రైవరు సంతకం తీసుకుని మీ దగ్గర ఉంచుకోవాలి. మిగతా ఐదు బండితో వెళతాయి. గులాబీది తీసుకున్నవాళ్ళు ఉంచుకుంటారు, నారింజది రవాణాదారుకు ఇస్తారు, ఆకుపచ్చది మండలికి పంపుతారు, నీలంది మీకు తిరిగి పంపుతారు. బూడిద రంగుది వ్యర్థం వేరే రాష్ట్రం నుంచి వచ్చినప్పుడు ఆ రాష్ట్ర మండలికి.

డ్రైవరుకు ఫారం 9 ట్రెమ్ కార్డు (దారిలో ప్రమాదమైతే ఏం చేయాలో చెప్పే కార్డు) చేతిలో పెట్టి వదిలేయకండి. అతనితో కూర్చోండి. "అన్నా, ఇది నూనె కలిసిన రాతిపొడి. చేతికి తగిలితే సబ్బుతో కడుక్కో. దారిలో కారితే బండి పక్కకు తీసి ముందు ఇసుక చల్లి ఈ నంబరుకు ఫోన్ చెయ్యి. కడిగేసి కాలువలోకి తొయ్యకు. ఎవరు అడిగినా దించకు" అని చెప్పండి. ఐదు నిమిషాల పని. గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం మీదుగా జనం మధ్యలోంచి వెళ్ళే బండి అది. టైలుగేటు రబ్బరు, టార్పాలిన్ తాళ్ళు మీరే చేత్తో లాగి చూడండి. చల్లిన ఇసుక కూడా తర్వాత ప్రమాదకర వ్యర్థమే, దాన్నీ ఎత్తి తీసుకురావాలి. ప్రమాదం పెద్దదైతే వెంటనే మండలికి ఫోన్ చేసి, ఫారం 11లో రాతపూర్వకంగా ఇవ్వాలి.

బండి వెళ్ళాక

బయలుదేరేటప్పుడు వేబ్రిడ్జి బరువు, అక్కడ గేటు దగ్గర బరువు ఒకే పుస్తకంలో పక్కపక్కన రాయండి. కొంచెం తేడా రావడం మామూలే. వానలో ఎక్కువ తూగి, ఎండలో తక్కువ తూగడం నేను చూశాను. అర టన్ను దాటి తేడా వస్తే మాత్రం ఆ సాయంత్రమే డ్రైవరును కలిసి, బండి ఎక్కడెక్కడ ఆగిందో అడగండి. కోప్పడకుండా అడిగితే నిజం చెబుతారు.

ఏ రోజు ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్నది ఫారం 3లో రోజువారీగా నింపుతూ ఉంటే, జూన్ 30 లోపు ఇవ్వాల్సిన ఏడాది రిటర్ను, ఫారం 4, ఒక పూటలో అయిపోతుంది. నింపకుండా వదిలేస్తే జూన్ నెలంతా టెన్షన్.

నీలం కాపీ కోసం నేను గోడకు ఒక మేకు కొట్టుకున్నాను. పసుపు కాపీలన్నీ దానికి గుచ్చి ఉంటాయి. నీలంది వచ్చిన రోజు దాని జోడీ పసుపును తీసి, రెండూ కలిపి ఫైల్లో పెడతాను. మేకుకు మిగిలిన ప్రతి పసుపు కాగితం, ఎక్కడ దిగిందో నాకు ఇంకా తెలియని ఒక బండి. వారం దాటిన కాగితం మేకు మీద కనిపిస్తే పొద్దున్నే మొదటి ఫోన్ దాని గురించే చేస్తాను.